సబ్బు మిగిలిందట నా సీసాలో!

నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. నాచారం ల్యాబులో కణాలకు తిండి కలిపే సీసాలు కడిగేది నేనే. కణంలో సరిగ్గా ఒక్క జన్యువు దగ్గరే అతుక్కోవాలని, రెండు చివరలూ పొడవు పెంచిన కొత్త డీఎన్‌ఏ ముక్కను మా కిరణ్ సారు తయారుచేశాడు. ఈ రోజు చూస్తే అది ఎక్కించిన ప్లేటులో కణాలన్నీ చచ్చాయి.

"సీసాలో సబ్బు మిగిలింది యాదమ్మా" అంటూ రిజిస్టర్లో నా పేరు రాశాడు. నాకు చదువు రాదని చదివి మరీ వినిపించాడు. అందులో పేరెక్కితే పనికే ఎసరు.

"గదే సీసలకెల్లి తిండి పోసిన పక్క ప్లేటు బతికే ఉన్నది గద సారూ! దాంట్ల నీ డీఎన్‌ఏ ఎయ్యలె. సబ్బుంటే అదెట్ల బతికింది?"

సారు రెండు ప్లేట్లూ చూశాడు. "డీఎన్‌ఏ ఎక్కువైందేమో" అని గొణిగాడు.

"మరి నా పేరు కొట్టెయ్యి."

"రేపు చూద్దాం."

రాయడానికి రేపటిదాకా ఆగలేదు, కొట్టెయ్యడానికి ఎందుకు ఆగాలో మీరే చెప్పండి.