లేతా, తేలికా

స్వరాజ్యం తండ్రి ఆగయ్య సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, గోడాదరాలో మరమగ్గం మీద పనిచేసేవాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి గల్లీ సగం ఊళ్లకు వెళ్లిపోయినా, ఆ కుటుంబం కదల్లేదు. స్వరాజ్యం కడోదరాలో బట్టలు ఎగుమతి చేసే ఒక సేఠ్ దగ్గర ఇంగ్లీషు కాగితాలు రాసేది. సేఠ్ మాల్ ఎక్కువగా కొలంబియాకు పోతుంది కాబట్టి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఫోన్‌లో స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఎదురింటి చాందిని డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంది. "నాక్కూడా చెప్పవా అక్కా," అంటూ వచ్చి మెట్ల మీద పక్కన కూర్చుంది. మొదటి మాటలన్నీ స్వరాజ్యమే నేర్పింది. ఆఫీసు తెరిచాక సేఠ్‌తో మాట్లాడి ఆ పిల్లకు ఉద్యోగం ఇప్పించింది కూడా తనే.

కొన్ని నెలల్లో చాందిని ముందుకెళ్లిపోయింది. స్వరాజ్యం మాటలు కూడబలుక్కుని మాట్లాడితే, చాందిని నవ్వుతూ గలగలా మాట్లాడేది. కొలంబియాలో వాళ్ల మాల్ కొనే మార్సెలా వీడియోలో కనబడగానే ముందు చాందిని కోసమే చూసేది. వాళ్లిద్దరూ దేనికో నవ్వుకుంటుంటే స్వరాజ్యం కూడా పళ్లు కనబడేలా నవ్వేది. నవ్వు ఆగాక దవడలు నొప్పి పుట్టేవి. మార్సెలా తనకు పేరు పెట్టి నమస్కారం చెప్పిందా, చెప్పలేదా అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తూ ఉండేది.

మరుసటేడు కరోనా మళ్లీ విరుచుకుపడింది. చాందిని తండ్రికి సోకడంతో ఆమె ఇంటి నుంచే పని చేయసాగింది. ఒకరోజు పొద్దున మార్సెలా ఫోన్ చేసి, చాందిని నాన్నకు ఎలా ఉందని స్వరాజ్యాన్ని మరీ మరీ అడిగింది. అంతకుముందు నెల స్వరాజ్యం తల్లి మంచం పట్టినప్పుడు ఆమె ఒక్క మాటా అడగలేదు. ఆమెకు ఆ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు. అది గుర్తున్నా స్వరాజ్యం కడుపు మండింది.

మధ్యాహ్నం చాందిని మెసేజ్ పెట్టింది. "అక్కా, క్యాటలాగ్‌ల లైట్ క్రేప్ అని ఉంది. లైట్ అంటే రంగా, బరువా? నువ్వు మాల్ చూసినవ్ కదా, జర చెప్పు."

ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. స్పానిష్‌లో లేత రంగైతే క్లారో, తేలిక బట్టయితే లిహేరో. ఆ క్రేప్ బట్ట చుట్ట స్వరాజ్యం బల్ల పక్కనే ఉంది. లేత గులాబీ రంగు, కానీ చేతికి బరువుగా, మందంగా ఉంటుంది. స్వరాజ్యం మెసేజ్ చదివింది. 'అంత వచ్చినదానికి నేను చెప్పాల్నా' అనుకుని ఫోన్ బోర్లా పెట్టేసింది.

చాందిని సాయంత్రం దాకా చూసి, ఎండాకాలం క్యాటలాగే కదా అని లిహేరో రాసి పంపింది. పల్చటి బట్ట అనుకుని మార్సెలా పెద్ద ఆర్డర్ ఇచ్చింది. నమూనా పార్సెల్ చేరాక ఆర్డర్ మొత్తం రద్దు చేసింది. సేఠ్ ఫోన్‌లోనే చాందినిని రేపటి నుంచి పని లేదన్నాడు. పక్క బల్ల దగ్గర స్వరాజ్యం అంతా విన్నది. గుండె తేలికపడింది. కానీ తర్వాతి వీడియోలో కూడా మార్సెలా మొదట అడిగింది, చాందిని ఎక్కడ అనే.

ఆ సాయంత్రం చాందిని వచ్చి స్వరాజ్యం వాళ్ల గుమ్మం బయటే నిలబడింది.

"మెసేజ్ చూసినవ్ అక్కా. నీలం గీతలు పడ్డయి."

"పనిల ఉండె."

"కాదు, నీకు కుళ్లు." మాస్క్ మీద ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "జెలస్ అనే మాటకు స్పానిష్‌ల రెండున్నయి. నాది పోతదేమో అని భయపడేది సెలోసా. పక్కోళ్లది చూసి ఓర్వలేంది ఎన్విదియోసా. నువ్వు ఏది?"

"సెలోసా," అంది స్వరాజ్యం వెంటనే. "నాది కాబట్టే."

"ఏది నీది? నౌకరా, మార్సెలానా, నేనా?"

మూడూ అనబోయి ఆగిపోయింది స్వరాజ్యం.

"నేనైతే ఎన్విదియోసా అని రాస్త," అని చాందిని మెట్లు దిగి వెళ్లిపోయింది.

రాత్రి స్వరాజ్యానికి అన్నం సయించలేదు. మర్నాడు సేఠ్‌కు మెసేజ్ చూపించి జరిగింది చెప్పింది. ఆయన చాలాసేపు తిట్టి, చాందినికి తనే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆమె రానంది. తండ్రి కోలుకున్నాక, సూరత్ పక్కనే సచిన్ అనే ఊళ్లో ఇంకో ఎగుమతి కంపెనీలో చేరింది.

స్వరాజ్యం ఒకసారి ఆ ఇంటి తలుపు కొట్టింది. చాందిని తల్లి మంచినీళ్లు ఇచ్చి, పిల్ల పడుకుందని చెప్పింది. లోపల ఫోన్‌లో స్పానిష్ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

వానాకాలంలో ఒక పొద్దున సచిన్ బస్సు కోసం నిలబడ్డ చాందిని కనబడింది. పక్కన ఎవరో కొత్త పిల్ల. చాందిని ఆ పిల్ల నోటివైపే చూస్తూ ఏదో మాట మళ్లీ మళ్లీ పలికిస్తోంది. తప్పు పలికినప్పుడల్లా ఇద్దరూ నవ్వుతున్నారు. స్వరాజ్యం కడోదరా ఆటో వదిలేసి, బస్సు వెళ్లేదాకా అక్కడే నిలబడింది. ఆ పిల్ల పేరు నిఖిత అని సాయంత్రానికల్లా గల్లీలో అడిగి తెలుసుకుంది.