సరస్సు లేని వ్యాసం

పోయిన ఆదివారం పొద్దున బోగోలులో మా వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, ఒకప్పుడు నా దగ్గర చదువుకుని, నేను రిటైరైన కాలేజీలోనే ఇప్పుడు పాఠాలు చెబుతున్న అమ్మాయి స్కూటరు దిగి గబగబా వచ్చి తన ఫోను నా చేతిలో పెట్టింది. అందులో ఒక అమెరికా ప్రొఫెసరు గారి ఉపన్యాసం ఉంది. ఆయన కాలం చేశాక శిష్యులు పాత ఉపన్యాసాలన్నీ పోగుచేసి ఎవరైనా చదువుకునేలా పెట్టారట. వాళ్ల ప్రతినిధుల సభలో కమిటీలు ఎలా నడుస్తాయో చెబుతూ చెబుతూ ఒకచోట ఆయన, ఈ విషయంలో తన ఆలోచన మారడానికి దక్షిణ భారతదేశంలో నీళ్ల పక్కన పెరిగిన ఒక పరిశోధక విద్యార్థిని అడిగిన ప్రశ్నే కారణమని చెప్పుకున్నారు. పేరు మాత్రం చెప్పలేదు, బహుశా మరిచిపోయి ఉంటారు.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, అది మీరే కదా మేడమ్ అంది. మన జిల్లా నుంచి ఆ రోజుల్లో అమెరికా రాజకీయాల మీద పరిశోధన చేసిన ఆడవాళ్లు ఎందరుంటారు, పైగా నేను ఉండేది సముద్రపు గాలి తగిలే ఊరు, కాబట్టి తన ఊహలో తప్పేమీ లేదు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనకుండా, కాఫీ తాగి వెళ్లమన్నాను. వచ్చే నెల కాలేజీ సదస్సులో నాకు శాలువా కప్పి ఈ సంగతి నలుగురికీ చెప్పిస్తాననీ, ఆహ్వాన పత్రిక శుక్రవారం అచ్చుకు వెళుతుందనీ చెప్పి తను వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు నేను ఎంత హాయిగా అన్నం తిన్నానో, ఎంత బాగా నిద్రపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ విద్యార్థిని నేను కాదు. నేను పుట్టింది కొడవలూరు దగ్గర వరి పండించే ఇంట్లో. మా నాన్నకు పొలమూ, పంపుసెట్టూ, కూతురు కాన్వెంటులో చదవాలన్న పట్టుదలా ఉండేవి. ఆ ప్రశ్న అడిగింది మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, యూనివర్సిటీలో నాతోపాటు ఒకే గైడు గారి దగ్గర చేరిన మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్దది, తడ దగ్గర పులికాటు సరస్సు ఒడ్డున రొయ్యలు పట్టే కుటుంబంలో పుట్టి, తమ్ముళ్ల చదువులు ఒక దారికి వచ్చాక తన చదువు సాగించింది. చేరిన రోజే ఆమెను అక్కా అని పిలిచాను. ఆ రోజు నుంచే ఆమెను చూసి ఏడ్చాను కూడా. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను?

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అమెరికా రాజకీయాలు చదువుతున్నామంటే చుట్టాలు వెంటనే విమానం ఎప్పుడెక్కుతావని అడిగేవాళ్లు. మేమిద్దరం ఎక్కింది ప్యాసింజరు రైలే. మా అమెరికా మద్రాసులో ఉండేది, అక్కడ ఆ దేశం వాళ్లు నడిపే గ్రంథాలయంలో వాళ్ల సభలో ఎవరు ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారో, ఏ కమిటీలో ఎవరు ఏమన్నారో అచ్చువేసిన లావుపాటి సంపుటాలు వరసగా ఉండేవి. వాటిని బయటికి ఇవ్వరు కాబట్టి అక్కడే కూర్చుని కార్డుల మీద ఎక్కించుకోవాలి. నా కార్డులు నాన్న నెల్లూరు నుంచి తెప్పించిన తెల్లటి గట్టి కార్డులు. అక్కవి పెళ్లి పత్రికలు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా పత్రికలు అడిగి తెచ్చుకుని, అచ్చులేని వైపు ఒకే కొలతకు కత్తిరించుకునేది. పసుపు అంటిన ఆ ముక్కల మీద ఆమె రాసుకున్న నాలుగు మాటలకు మా గైడు గారు ఎక్కడ తల ఊపుతారోనని నా తెల్ల కార్డులు పట్టుకుని పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడేదాన్ని. రైల్లో చేపల గంపల ఆడవాళ్లు ఆమెను గుర్తుపట్టి జరిగి చోటిచ్చేవాళ్లు, ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ఆ వాసనకు ముక్కు మూసుకోవాలని ఉన్నా మూసుకోలేక, ఆ మర్యాద నాకు దక్కనందుకు లోలోపల ఉడుక్కునేదాన్ని.

పని ఇద్దరం పంచుకున్నాం. ఓట్లు లెక్కపెట్టడం నా వంతు, చర్చలు చదవడం ఆమె వంతు. ఆ సభలో ఆ రోజుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒక కమిటీలో అందరికంటే ఎక్కువ కాలం కూర్చున్నవాడే దానికి చైర్మన్, తెలివితో పనిలేదు, ఒకసారి ఎక్కితే దిగడమూ ఉండదు. అంతమంది సభ్యులు దీన్ని ఎందుకు భరిస్తారన్న దానికి మేము చదివిన పుస్తకాలన్నీ చైర్మన్లకు ఉన్న బలాన్నే చెప్పేవి. నేనూ అదే రాసుకున్నాను, లెక్కలు కూడా దానికి తగ్గట్టే పేర్చాను.

ఒకనాడు తిరుగు రైల్లో అక్క తమ ఊరి సంగతి ఎత్తింది. సరస్సులో రొయ్య బాగా పడే తావులు కొన్నే ఉంటాయి, వాటిని చీట్లు వేసి వంతుల ప్రకారం పంచుకుంటారు, దాన్ని పాడు అంటారు. ఇవాళ మంచి తావు నీదైతే రేపు నాది. చెడ్డ తావు వచ్చినవాడు గొడవ పడడు, ఎందుకంటే తన వంతు దగ్గర్లోనే ఉంది, కట్టుబాటు చెడితే మొదట నష్టపోయేది అతనే. అమెరికాలో కూడా ఆ చైర్మన్ల పద్ధతిని నిలబెడుతున్నది పైన కూర్చున్న ముసలివాళ్లు కారనీ, పదేళ్లు కాచుకుని సగం దూరం వచ్చినవాళ్లేననీ ఆమె అనుకుంటోంది. మరి మా వాళ్లకు చీట్లు వేసుకోవాలని తట్టింది కదా, వీళ్లకు ఎందుకు తట్టలేదు, వంతు తొందరగా తిరిగి రాకపోయినా మనిషి ఎన్నేళ్ల దాకా కాచుకుంటాడు అని ఆమె ప్రశ్న. రెండేళ్లుగా నేను లెక్కపెడుతున్న ఓట్లకు అర్థం ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పేసింది. నా కడుపు మండిపోయింది.

ఆ తర్వాత ఆ అమెరికా ప్రొఫెసరు గారు మా శాఖకు వచ్చారు. ముందు నేను అరగంట మాట్లాడాను, పట్టికలు చూపించాను, నా ఇంగ్లీషుకు నేనే మురిసిపోయాను. ఆయన మర్యాదగా విన్నారు. తర్వాత అక్క లేచి, తడబడే ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, మాటలు చాలక సుద్దముక్క తీసుకుని బోర్డు మీద సరస్సు గీసింది. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. వ్యాసంగా రాసి పంపండి, నేను తెస్తున్న సంపుటిలో వేస్తాను అన్నారు. ఇద్దరినీ ఉద్దేశించే అన్నారు గానీ, చూసింది ఆమెనే.

టైపు మిషను నాది, ఆమెకు లేదు. ఆ ఒక్క బలం నాకు దేవుడిచ్చాడు. అక్క తన భాగం చేత్తో రాసి, మరో ప్రతి కూడా ఉంచుకోకుండా తెచ్చిచ్చి సెలవులకు ఊరికి వెళ్లింది. వారం రోజులు టైపు చేశాను. సరస్సు గురించిన ఆరు పేజీల దగ్గరికి వచ్చేసరికి నా వేళ్లు ఆగిపోయాయి. పెద్ద పెద్ద పండితులు చదివే పుస్తకంలో రొయ్యల వల ఏమిటి, నవ్విపోతారు అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే నాకు తెలుసు. ఆ పేజీలు పక్కన పెట్టి, ముందూ వెనకా అతికించి, నా పేరు పైన, ఆమె పేరు కింద టైపు చేసి పోస్టు చేశాను. ఆమె తిరిగి వచ్చి కార్బను ప్రతి చదువుకుని, నా భాగం ఏమయింది అని అడిగితే, గైడు గారు తీసెయ్యమన్నారని చెప్పాను. అవునా అని ఊరుకుంది. హాస్టలు గది మారినప్పుడు ఆ ఆరు పేజీలు పాత కాగితాలలో ఎటో కొట్టుకుపోయాయి, నేను వెతకలేదు.

వ్యాసం అచ్చయింది. దాంతోపాటు ఆయన రాసిన ఉత్తరంలో, లెక్కలు శ్రద్ధగా చేశారు, కానీ ఆ సరస్సు ఎక్కడికి పోయింది అని అడిగారు. అక్క ఉత్తరం చదివి మడిచి నాకిచ్చింది. ఆ మడతలో కోపం ఉందేమోనని ఎంత వెతికినా నాకు కనిపించలేదు. తర్వాత ఆమె థీసిస్ మొత్తం నేనే టైపు చేసిపెట్టాను, ఒక్క అక్షరం తప్పు పోకుండా. అదేదో ప్రాయశ్చిత్తం అనుకున్నాను. అచ్చయిన ఆ వ్యాసం చూపించి నేను డిగ్రీ కాలేజీలో చేరాను. ఆమె సూళ్లూరుపేట వైపు ఒక బడిలో టీచరుగా చేరి మళ్లీ పరిశోధన జోలికి పోలేదు. ఉగాదికి, దీపావళికి తప్పకుండా ఫోను చేసేది, ఇప్పటికీ చేస్తుంది.

గురువారం సాయంత్రం నేనే ఫోను చేశాను. పత్రిక మర్నాడు అచ్చుకు వెళుతుంది. మంచితనం పుట్టుకొచ్చి చేశానని చెప్పుకోను. సదస్సులో ఎవరైనా లేచి ఆ సరస్సు గురించి రెండు ప్రశ్నలు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని భయమేసింది. ఉపన్యాసంలో ఆయన అన్నది చదివి వినిపించాను.

"గైడు గారు తీసెయ్యమన్నాడని చెప్పినాను గదక్కా, ఆయన అనలేదు. నేనే తీసేసినాను," అన్నాను.

"తెలుసులే మే. ఆయన ఆ వారమంతా కూతురి పెళ్లి పనుల మీద ఊర్లోనే లేడు గదా."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగుంటే మిషను ఎత్తుకొని పొయ్యుంటావు. నా థీసిస్ టైపు కావాల్సింది ఉన్నింది. ఆ ఆరు పేజీలు ఎప్పుడన్నా మళ్లా రాసుకుందాంలే అనుకున్నాను. బడి, పిల్లకాయలు, ఇంక యాడ రాసేది." ఇంత చెప్పి, నా మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది.

ఆ రాత్రికే కాలేజీ అమ్మాయికి చెప్పాను. పత్రికలో పేరు మారింది. శాలువా కప్పించుకోవడానికి అక్క వస్తుందట, సభలో ఆమె పక్క కుర్చీ నాదేనట.

ఇప్పటి పరిశోధన తీరే వేరు. నేను రెండేళ్లు కళ్లు పాడుచేసుకుని లెక్కపెట్టిన ఓట్లను ఆ అమ్మాయి ఫోనులో నిమిషంలో తీసి చూపించింది, నా తెల్ల కార్డులకు ఇక విలువ లేదు. నాలుగు దేశాల వాళ్లు ఒకే వ్యాసం మీద ఒకేసారి పనిచేస్తారట, అందులో ఎవరు ఏ వాక్యం చేర్చారో, ఎవరు ఏ గంటకు ఏది తీసేశారో మొత్తం ఉండిపోతుందట, కావాలంటే తీసేసింది వెనక్కి తెచ్చుకోవచ్చట. మా కాలంలో అలాంటిది ఉంటే నేను ఆ పని చేసేదాన్ని కాను, దొరికిపోతానన్న భయానికైనా. అప్పుడు నేను చేసింది తెలిసినది ఒక్క మనిషికే, ఆమె తెలిసి కూడా నలభై ఏళ్లుగా పండగ పండగకీ ఫోను చేసి నా ఆరోగ్యం అడిగింది. ఆమె తెలివిని చూసి ఏడవడం ఏనాడో అలవాటైపోయింది. ఇలా ఉండగలిగిన ఆమె మనసును చూసి ఈ డెబ్బై ఏళ్ల వయసులో కొత్తగా మొదలుపెట్టాను.