తలుస్తాన్ గారింట తిన్న ఉప్పు

తలుస్తాన్ గారు చేపలు తినరు. ఆ సంగతి తెలియక మొదటిసారి వాళ్ల ఇంటికి చేపల పులుసు డబ్బా పట్టుకుని వెళ్లాను. ఆయన రెండు చేతులా అందుకుని, మర్యాదగా బల్ల మీద పెట్టారు. మూత మాత్రం తీయలేదు.

కెనడాలోని హామిల్టన్‌లో ఒక పాత పదంతస్తుల అపార్ట్‌మెంట్ ఆఫీసులో నా ఉద్యోగం. ఆయన ఏడో అంతస్తులో ఉంటారు. వయసు అరవై ఎనిమిది. డమాస్కస్‌లో బస్సుల మెకానిక్కు. ఇక్కడికొచ్చాక మోకాళ్లు మొరాయించేదాకా స్కూల్ బస్సు నడిపారు. సిరియా ఆయన అని అందరూ అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. "పుట్టింది సిరియాలో. మేం సర్కాసియన్లం" అని సరిదిద్దారు. ఆయన ఇంగ్లిష్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఆయన మాటలు నా తెలుగులో చెబుతున్నాను.

వాళ్ల పెద్దలది నల్ల సముద్రం ఒడ్డున కొండసీమ. నూట అరవై ఏళ్ల కిందట రష్యా జార్ చక్రవర్తి సైన్యం ఊళ్లు తగలబెట్టి, జనాన్ని ఒడ్డుకు తోలింది. ఓడల్లో కుక్కి టర్కీ సుల్తాను రాజ్యానికి పంపించారు. దారిలో చచ్చినవాళ్లను నీళ్లలో పారేశారు.

"ఆ నీళ్లలో చేపలు మావాళ్లను తిన్నాయి. మా నాయనమ్మ చేప వండలేదు. నేను తినను" అన్నారు.

ఏటా మే ఇరవై ఒకటిన ఆ జాతి వాళ్లంతా ఆ తరిమివేతను తలుచుకుంటారు. ఆయన అంటారియో సరస్సు దగ్గరికి వెళ్లి, నీళ్లవైపు తిరిగి కాసేపు నిలబడి వస్తారు. ఇది ఆ సముద్రం కాదుగదా అన్నాను. నీళ్లు నీళ్లే అన్నారు.

ఓడ దిగిన ముత్తాతలు బాల్కన్లలో ఇళ్లు కట్టుకుంటే పద్నాలుగేళ్లకే అక్కడినుంచీ తరిమారు. తర్వాత గోలాన్ కొండలు. అరవై ఏడులో ఇజ్రాయెల్‌తో జరిగిన యుద్ధంలో పదేళ్ల తలుస్తాన్ తల్లి కొంగు పట్టుకుని ఆ ఊరూ దాటాడు. డమాస్కస్ ఇల్లు మొన్నటి యుద్ధంలో కూలింది. వెళ్లిన ప్రతిచోటా సమాధులు వదిలి రావడమే వాళ్ల చరిత్ర. ఆయన భార్య జాన్సెత్ గారు మూడేళ్ల కిందట ఇక్కడే పోయారు. ఒక బస్సెక్కితే సమాధి. ప్రతి శుక్రవారం వెళతారు. "మా వంశంలో తన మనిషి సమాధి పక్కన ముసలివాడైన మొదటివాణ్ణి నేనే" అని చెప్పుకునేవారు. అందులో గర్వం ఉంది, నాకు బాగా తెలిసింది.

ఇక మర్యాద సంగతి. అతిథి తింటుంటే ఆయన కూర్చోరు. ఎందుకొచ్చావని అడగరు. కొర్రల్లాంటి ధాన్యంతో గట్టిగా వండిన ముద్ద, అక్రోటు పులుసులో కోడి పెట్టారు. అచ్చం మా కడప సంగటే. నేను వేళ్లు నాకుతుంటే ఆయన పనివాడిలా గోడ పక్కన నిలబడ్డారు. అలమారలో గాజుగిన్నె బాగుందన్నానో లేదో, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. వద్దంటే నొచ్చుకున్నారు. "గడప దాటొచ్చి ఉప్పు తిన్నవాడు నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. శత్రువైనా సరే."

ఆ ఏడాది మా బిల్డింగు చేతులు మారింది. కొత్త ఓనర్లు అద్దెలు పెంచుకోవాలంటే పాతవాళ్లు ఖాళీ చేయాలి. ఒక లిఫ్ట్ ఆగిపోయింది, ఎవరూ బాగుచేయలేదు. కారిడార్లలో అట్టపెట్టెలు పేరుకున్నాయి. ఒక్కో తలుపుకీ కొత్త తాళం పడుతుంటే, ఏడో అంతస్తులో నా అడుగుల చప్పుడుకు నాకే భయమేసేది. చట్టప్రకారం ఎవరినీ గెంటలేరు. అద్దెకున్నవాళ్లే ఇష్టపడి వెళుతున్నానని సంతకం పెట్టాలి, అంతే. తలుస్తాన్ గారి చెవిలో నేనే వేశాను, పెట్టకండి అని. మా మేనేజర్ మధుసూదన్ గారు రెండుసార్లు గుమ్మంలో నిలబడి అడిగితే ఆయన రెండుసార్లూ నో అన్నారు. ఎంత సంబరపడ్డానో!

మార్చిలో మధుసూదన్ గారు టీ కప్పుతో నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"ఏడో ఫ్లోర్ ముసలాయన ఒక్కడే మిగిలిండు వాసవీ. ఎంత చెప్పినా సైన్ చేస్తలేడు."

"చేయడు సార్. గుమ్మంలో అడిగితే ఏం చేస్తాడు? ఇంట్లో కూర్చుని అన్నం తిని అడిగితే ప్రాణమైనా ఇస్తాడు ఆయన" అన్నాను నవ్వుతూ. ఆయన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. నోరా, వీపుకు తేకే అని మా అమ్మ ఊరికే అనలేదు.

మధుసూదన్ గారు నవ్వలేదు. టీ తాగడం ఆపారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం స్వీట్ బాక్స్ పట్టుకుని ఏడో అంతస్తుకు బయలుదేరుతూ, నన్ను కూడా రమ్మన్నారు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండేందుకు పెట్టుకునే నా పీఆర్ అప్లికేషన్‌కి కావాల్సిన ఎంప్లాయ్‌మెంట్ లెటర్ మూడు వారాలుగా ఆయన సంతకం కోసం ఆయన టేబుల్ మీదే ఉంది. మీరు వెళ్లండి సార్, నేను రాను అనలేకపోయాను.

తలుస్తాన్ గారు మమ్మల్ని చూసి పొంగిపోయారు. అదే ముద్ద, అదే కోడి. నిలబడి వడ్డించారు. మధుసూదన్ గారు తృప్తిగా తిని, చేయి తుడుచుకుని, కోటు జేబులోంచి కాగితం తీశారు.

"అంకుల్, మీ ఇంటికి వచ్చి అడుగుతున్నా" అన్నారు ఇంగ్లిష్‌లో.

తలుస్తాన్ గారు కాగితం వైపు చూడలేదు. నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. నేను కంచంలో మిగిలిన పులుసు గీతలు చూస్తూ కూర్చున్నాను.

ఆయన పెన్ను తీసుకున్నారు. ఖాళీ చేయడానికి మే ముప్పై ఒకటి అని ఉన్న తేదీ కొట్టేసి, ఇరవై ఒకటి అని రాశారు.

"బయలుదేరడానికి మాకు అలవాటైన రోజు" అని సంతకం పెట్టి, మమ్మల్ని లిఫ్ట్ దాకా సాగనంపారు.

లెటర్ మర్నాడే వచ్చింది. దాన్ని బ్యాగులో వేసుకుని రెండు నెలలు ఏడో అంతస్తు ఎక్కకుండా తిరిగాను. సిగ్గు. మే ఇరవైన ఇక ఉండబట్టలేక వెళ్లాను. ఆయన వేల కిలోమీటర్ల అవతల కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. జాన్సెత్ గారి ఫోటో దించి, మేకు పీకి, ఆ కంతలో తెల్లటి పుట్టీ నొక్కుతున్నారు. ఇల్లు శుభ్రంగా అప్పగించాలట.

"సార్‌కి ఆ కిటుకు చెప్పింది నేనే" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తెలుసు. ఇంకెవరికి తెలుసు ఆ మాట?" పుట్టీ చదును చేస్తూనే ఉన్నారు.

"నేనూ మీ ఉప్పు తిన్నాను. నేనూ ఒకటి అడుగుతా. వెళ్లకండి. ఆంటీ ఇక్కడే ఉన్నారు కదా. కోర్టుకైనా వెళదాం."

ఆయన చేతులు కడుక్కుని వచ్చారు. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండేది.

"ఆ రోజు ఆ బల్ల దగ్గర నువ్వూ అతిథివే, అమ్మా. సంతకం పెట్టొద్దని అడిగి ఉంటే, నీ మాటా కాదనలేకపోయేవాణ్ణి. నువ్వు అడుగుతావనే అంతసేపు చూశాను. ఇప్పుడు అతనికి ఇచ్చేశాను కదా, ఉన్నది ఒకటే ఇల్లు."

తర్వాత వంటింట్లోకి వెళ్లి, సర్దని ఒక్క కంచంలో ముద్ద వడ్డించి తెచ్చి నా ముందు పెట్టారు. నేను తినడం అయ్యేదాకా ఆయన గోడ పక్కన నిలబడే ఉన్నారు.