గొరిగించని తల

స్కాన్ సెంటరు షట్టరు లేచే వేళకి జగన్నాధం దానికి ఎదురుగా ఉన్న గంగులు టీ బడ్డీ బల్ల మీద కూర్చుని, తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకునేవాడు. ఒక చెవి పైనుంచి మొదలై తల వెనకగా రెండో చెవి పైదాకా, నాలుగు వేళ్ల వెడల్పున, ఒక్క వెంట్రుక లేని పట్టీ. పైన జుట్టు ఉంది, కింద జుట్టు ఉంది. మధ్యలో నున్నగా, బద్ద పెట్టి గీసినట్టు.

"సగం మొక్కు తీర్సుకొని సగం బాకీ పెట్టినావేటి మావా?" అని గంగులు మొదటిరోజే అడిగాడు.

"బాకీ నాది కాదురా. ఆ మేడ మీదోడిది."

మేడ మీదవాడు డాక్టరు నరసింగరావు. విజయనగరంలో ఆ సెంటరు ఆయనదే. 2013 వానాకాలంలో ఒక పొద్దున్న సాలూరులో జగన్నాధం నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోయాయి. మూతి వంకరపోయింది. పక్షవాతమనుకుని పెళ్లాం దాలమ్మ దారిలోనే సింహాచలం అప్పన్నకి మొగుడి తలనీలాలు మొక్కేసింది. మెదడుకి రక్తం సరిగ్గా వెళ్తోందో లేదో చూడాలని నరసింగరావు అతన్ని స్కాన్ మిషన్లో పడుకోబెట్టించాడు. బొమ్మ బాగా రాలేదని మర్నాడు మళ్లీ పడుకోబెట్టించాడు. తలలో ఏమీ లేదు, మొహం నరం వాచిందంతే. మాత్రలకి మూతి తిన్నబడింది. మూతి తిన్నబడే సరికి జుట్టు దిండు మీదకి కుచ్చులుగా ఊడొచ్చింది.

నరసింగరావు మొదట తలనూనె మారిందా అని అడిగాడు. తర్వాత నీరసం అన్నాడు. విశాఖలో చర్మం డాక్టరు మాత్రం చూడగానే ఏ మిషన్లో పెట్టారని అడిగాడు. పడాల్సినదానికంటే రేడియేషన్ చాలా ఎక్కువ పడిందన్నాడు. మూడు నాలుగు నెలల్లో జుట్టు మళ్లీ వస్తుందట. కళ్ల సంగతి వేరు. కంటి లోపలి కటకానికీ తగిలి ఉంటుంది, ఏళ్లు గడిచాక శుక్లాలు రావచ్చు, చూపించుకుంటూ ఉండమన్నాడు. ముప్పై ఏళ్లుగా ఘాట్ రోడ్ల మీద లారీ తోలుతున్నవాడికి కళ్లంటే ఏమిటో ఆ డాక్టరు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సంగతి అడగడానికి మళ్లీ వెళ్తే నరసింగరావు అతని భుజం మీద చెయ్యి వేసి, వచ్చే నెల రమ్మన్నాడు. ఆ నెల వెళ్తే ఇంకో నెల. మెట్లు దిగుతుంటే జగన్నాధానికి బోధపడింది. వాడు జుట్టు పెరిగే దాకా ఆగుతున్నాడు.

ఈ ఎత్తు అతనికి కొత్త కాదు. రోడ్డు మీద గుద్దినవాడు ఎప్పుడూ ఇంత మర్యాదగానే ఉంటాడు. అన్నా, బండి పక్కకి తియ్యి, జామ్ అవుతోంది, తర్వాత మాట్లాడుకుందాం అంటాడు. తీశావా, ఇక గుద్దిందీ లేదు, మాటా లేదు. అందుకే సాలూరు డ్రైవరు దెబ్బ తిన్న బండిని కదపడు. వెనక ఎన్ని హారన్లు మోగినా, చూడాల్సినవాడు వచ్చి చూసేదాకా అది రోడ్డు మీదే అడ్డంగా ఉంటుంది.

దాలమ్మకి ఇదంతా పట్టలేదు. కొండకి బయల్దేరదామని రోజూ పోరింది.

"అప్పన్నతో ఆటలేటి? మొక్కు తీర్సకపోతే మూతి మళ్లీ వంకరపోతాది."

"అప్పన్న ఆగుతాడే. జుట్టు ఆగదు. బండి కదిపితే కేసు పోతాది."

"నీ తల బండేటి?"

"గుద్దించుకున్నాది కదా."

రోజూ మొదటి బస్సుకి వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవాడు. లోపలికి వెళ్లేవాళ్లకి తల తిప్పి చూపించి, "ఇందులోనే" అనేవాడు. కొందరు ఆగేవారు. చాలామంది పిచ్చివాడనుకుని వెళ్లిపోయేవారు. ఇంతలో పట్టీ మీద నూగు మొదలైంది. ఇంకొకడైతే సంతోషించేవాడు. జగన్నాధం అద్దంలో ఒక్కో వెంట్రుకనీ చూసి పళ్లు కొరికాడు, అది నరసింగరావు పంపిన మనిషైనట్టు.

ఆ వారంలోనే ఒకావిడ బల్ల ముందు నిలబడి అతని తలకేసి చాలాసేపు చూసింది. పేరు లీలారాణి, గరివిడి దగ్గర బడిలో టీచరు. చుట్టూ ఒకసారి చూసి తలమీది కొంగు తీసింది. అదే చోట, అదే వెడల్పు. కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ కూడా ఇక్కడే మిషన్లో రెండుసార్లు పడుకుంది. ఏదో పాడు రోగమనుకుని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వెళ్లే బాప్టిస్టు చర్చిలో ప్రార్థనకి ఆడవాళ్లు ఎలాగూ ముసుగు వేసుకుంటారు. ఆవిడ బయటికొచ్చాక కూడా తియ్యడం మానేసింది, అంతే.

జగన్నాధం బల్ల మీద పక్కకి జరిగాడు.

మర్నాడు ఇద్దరూ ముసుగులు లేకుండా లోపలికి వెళ్లారు. వరండా నిండా జనం. నరసింగరావు గది గుమ్మంలోకి వచ్చి, అందరికీ పెట్టే రేడియేషనే వీళ్లకీ పెట్టామని, దానివల్ల ఎవరికీ ఏమీ కాదని, జనానికి కూడా వినపడేలా చెప్పాడు.

"ఏటీ అవదా?" అన్నాడు జగన్నాధం.

"ఏమీ అవదు."

"అయితే ఓపాలి నువ్వు పడుకో. నన్నెలాగ పెట్టినారో అలాగే, రెండుసార్లు. లేచొచ్చి నీకేటీ అవదని మళ్లీ సెప్పు. రేపే గుండు సేయించుకుంటాను."

నరసింగరావు మిషన్ నడిపే సంజయ్ వైపు చూశాడు. సంజయ్ నేల చూశాడు. డాక్టరు తనకి పనుందని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

బెంచీ చివర కూర్చున్న ముసలాయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. అతని వెనక మిగతావాళ్లు లేచారు. జగన్నాధం పక్కకి తప్పుకుని, ఒక్కొక్కరూ మెట్లు దిగడం చివరిదాకా చూశాడు. మూతి వంకరపోయిన నాటి నుంచి అతను నవ్వింది అప్పుడే.

ఇద్దరూ రాసిచ్చిన ఫిర్యాదు మీద అధికారులు వచ్చారు. రెండు తలలకీ కొలత వేసి ఫోటోలు తీసుకున్నారు. బొమ్మ తేటగా రావాలని మిషన్ పెట్టిన కొత్తలోనే డాక్టరు రేడియేషన్ పెంచమన్నాడని, మళ్లీ తగ్గించనే లేదని సంజయ్ చెప్పాడు. మిషన్ గదికి సీలు వేశారు. సీలు లక్క ఆరేదాకా జగన్నాధం అక్కడే నిలబడ్డాడు.

ఆ ఆదివారం సింహాచలంలో తల వంచాడు. గొరగడం పూర్తయ్యాక మంగలికి పట్టీ కనపడలేదు.

అలా పెంచిన మిషన్లో తల పెట్టినవాళ్లు మొత్తం నూట పద్నాలుగు మంది.