బురుజు మీద చంద్రుడు, వాడలో పడుగు

నా చిన్నప్పుడు మా వాడలో గంజి వాసనతోనే తెల్లవారేది. మెట్‌పల్లి అవతల చిన్న ఊరు మాది, వాడంతా చేనేతవాళ్ళమే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వాడ పొడుగునా కర్రల మీద సాగదీసి కట్టి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించేవారు. మేకలూ కుక్కలూ దారాల కిందికి దూరకుండా కట్టె పట్టుకొని కాయడం నా పని.

ఆ పొద్దున చంద్రుడు ఇంకా పోలేదు. పడమట, ఊరి పాత బురుజు మీద పచ్చజొన్న రొట్టెలా నిండుగా ఉన్నాడు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన వాడ మొదట్లో కెమెరా నిలబెట్టుకున్నాడు. ఎవరో పెద్ద ఆఫీసరుకు బామ్మర్దట. బురుజూ చంద్రుడూ ఒక్క ఫోటోలో పడాలట, మధ్యలో మా కర్రలూ దారాలూ అడ్డమట. పడుగు దించెయ్యమన్నాడు. అడగలేదు, దించెయ్యమన్నాడు. నన్ను చేత్తో పక్కకు తోస్తే జరిగి నిలబడ్డాను. మా నాయన తమ్ముడు, మా చిన్నబాపు, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకొని, వంగి వంగి పడుగు కట్టిన తాడు విప్పబోయాడు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

చిన్నబాపు తల్లి, మా బాపమ్మ, గంజి కుంచెతోనే వచ్చింది.

"తాడు ముట్టకురా!"

"ఆఫీసరు సుట్టమటనే అవ్వా. జర సేపే."

"జర సేపా? తడి మీద దించితే పోగు పోగు అంటుకొని ముద్దయితది. ఇగ నెలంత ఏం తింటం? నీ ఆఫీసరు సుట్టాన్ని తింటమా?"

వాడంతా గొల్లున నవ్వింది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఏయ్ ముసలమ్మా, చంద్రుడు దిగిపోతున్నాడు, జల్ది తప్పుకో!"

"దిగనియ్యి బిడ్డా. నేను పట్టుకున్ననా?"

ఆమె అరవలేదు. కెమెరాకు ఎదురుగానే దారాల మీద కుంచె లాగుతూ నా దగ్గరికి వచ్చింది.

"మేకొస్తే కట్టె లేపుతవు. మనిషొస్తే ఎందుకు జరిగినవే?"

అంతలో ఆయనే వచ్చి తాడు మీద చెయ్యి వేశాడు. నేను కట్టె అడ్డం పెట్టాను. కొట్టలేదు, పెట్టానంతే. కట్టె దించలేదు. ఆయన నన్ను చూశాడు, వెనక వరుసగా లేచి నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు, చెయ్యి తీశాడు. చంద్రుడు బురుజు వెనక్కి దిగిపోయాడు. మా పడుగు మంచిగా ఆరింది.

ఆఫీసరు ఏం చేస్తాడోనని చిన్నబాపు చాలా రోజులు భయపడ్డాడు. ఎవరూ రాలేదు. బాపమ్మ మాత్రం అతనికి అన్నం పెట్టేది కానీ మాట్లాడేది కాదు. ఆమె కోపమంతా కెమెరా ఆయన మీద కాదని, వంగిన నడుము మీదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఇప్పుడు మా మనుమరాలు ఫోన్లో అదే బురుజు మీద చంద్రుణ్ణి చూపించి "ఎంత మంచిగుందో సూడు అవ్వా" అంటుంది. మంచిగానే ఉంటుంది. కానీ ఏ ఫోటోలోనూ మా వాడ ఉండదు. ఎవరిని జరగమని తీశారో అని నాకు ముందు కోపమే వస్తుంది. బస్సులోనైనా, ఆఫీసులోనైనా, గుడిలోనైనా ఎవరు నన్ను "జర జరుగు" అన్నా, ఎందుకని అడుగుతాను. జవాబు విన్నాకే కాలు కదుపుతాను.