ఖాజా చాచా నా చేతిలో పెట్టిన కంట్రోల్ కీ

నిన్న పొద్దున ఎనిమిదింటికి చాచా నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

రోజూ అదే టైమ్‌కి వస్తుంది. "బిడ్డా, షటర్ లేపినవా?" అని ఒక్కటే ప్రశ్న. అందుకే హలో కూడా అనకుండా "లేపిన చాచా" అన్నాను.

అటునుంచి చాచీ గొంతు.

"చాచా లేడు బిడ్డా. నమాజ్ చేసి జరంత ఒరిగిండు. మళ్ల లేవలే."

చేతిలో తాళాల గుత్తితో షాప్ మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. ఇది రాస్తున్నా ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

సిద్దిపేటలో ఎప్పుడో ఒకప్పుడు తాళంచెవి పోగొట్టుకున్న వాళ్ళందరికీ ఖాజా చాచా తెలుసు. నాకు ఆయన ఉస్తాద్, పని నేర్పిన గురువు. మా ఆయన గల్ఫ్ వెళ్ళాక, నాకూ ఒక పని ఉండాలని ఆయన షాప్‌కి వెళ్ళాను. ఆడమనిషికి తాళాల పనేంటని పక్క షాపుల వాళ్ళు నవ్వారు. చాచా మాత్రం నా వేళ్ళు చూశారు.

"మీ బాపు మగ్గం నేసెటాయినే గద? తెగిన పోగు అతికే చెయ్యి పిన్ను పట్టలేదా? కూసో."

అంతే. ఇంటర్వ్యూ అయిపోయింది.

అప్పుడే ప్రజ్ఞాపూర్ దగ్గర ఒక కొత్త ప్రైవేట్ హాస్పిటల్ కట్టారు. తలుపులన్నిటికీ ఇంటర్‌చేంజబుల్ కోర్ తాళాలు. వాటిని బిగించడానికి సిటీ నుంచి వచ్చిన ఫిట్టర్ "ఇవి మీ వల్ల కావు పెద్దాయనా" అన్నాడట. ఇక చాచా ఆగుతారా! సిటీకి వెళ్ళి రెండు పాత కోర్లు కొనుక్కొచ్చారు. అరవై దాటిన వయసులో, కళ్ళద్దాలకు దారం కట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

"నాకు గూడ గిది రాదు. ఇద్దరం కల్సి ఖరాబ్ జేద్దాం" అన్నారు.

చేశాం. మొదటి వారం అంతా తాళం లోపలి సన్నటి పిన్నులు నేల మీద వెతుక్కోవడంతోనే సరిపోయింది. తర్వాత అవి దొర్లకుండా మా ఇంటి నుంచి నేత తువ్వాల తెచ్చి పరిచాను.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. ఆ తాళం లోపలి భాగాన్ని కోర్ అంటారు. దానికి రెండు రకాల కీలు. రోజువారీ కీ తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. కంట్రోల్ కీ కొంచెం తిప్పి లాగితే కోర్ మొత్తం బయటికి వచ్చేస్తుంది. ఇంకో కోర్ పెడితే పాత కీలు ఇక పనికిరావు. తలుపు విప్పే పనే లేదు.

లోపల పిన్నులు వరుసగా పేర్చాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే ఒక కీ పనిచేస్తుంది, ఇంకోటి పనిచేయదు. "రెండు కీలు తిప్పి సూడకుండ చెయ్యి కడగొద్దు" అని రోజూ చెప్పేవారు.

నేను నేర్చుకున్నాను. కానీ ఒక పెద్ద తప్పు చేశాక.

కొన్నాళ్ళకు ఆ హాస్పిటల్ పని మాకే వచ్చింది. కోర్లు మార్చిన రోజు, అన్నీ నీట్‌గా ఉండాలని కంట్రోల్ కీని కూడా ఫార్మసీ గుత్తికే కట్టి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున ఫార్మసీ అమ్మాయి ఆ కీ తిప్పి లాగింది.

"అక్కా, తాళం ఊడి చేతులకొచ్చింది!" అని ఫోన్.

ఆ ఒక్క కీతో ఆ బిల్డింగ్‌లో ఏ కోర్ అయినా లాగేయొచ్చు. మత్తుమందుల గదితో సహా. రాత్రంతా అది ఎవరెవరి చేతిలో ఉందో తెలియదు.

స్ప్రింగ్ పాడైందని చెప్తే ఎవరికీ తెలిసేది కాదు. చాచాకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. షటర్ దించి, నన్ను బస్సెక్కించుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. మేనేజర్ ముందు నాతోనే చెప్పించారు.

"ఈమెను ఇంకోసారి పంపకండి" అన్నాడు మేనేజర్.

"గట్లయితే నేను గూడ రాను సార్. ఆమె చెప్పకుంటే మీకు ఎన్నడు తెల్వకపోతుండె" అన్నారు చాచా.

ఆ తర్వాత రెండు రోజులు ఇద్దరం ఆ హాస్పిటల్‌లోనే కూర్చున్నాం. ఉన్న కోర్లన్నీ విప్పి, కొత్త కంట్రోల్ కీకి మళ్ళీ పిన్నులు పేర్చాం. అప్పుడు ఆ మేనేజరే ఒక కంట్రోల్ కీ మీ దగ్గర ఉంచండి అని చాచాకి ఇచ్చాడు.

పోయిన నెల చాచా దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టారు. "నాకెందుకు చాచా, తప్పు చేసిందే నేను" అన్నాను.

"గందుకే నీకిస్తున్న. నువ్వు మళ్ల జెయ్యవు."

నిన్న మధ్యాహ్నం జనాజా లేచింది. మగవాళ్ళు కబ్రస్థాన్‌కి వెళ్ళారు. ఆడవాళ్ళం ఇంటి దగ్గర ఉండిపోయాం. అప్పుడే హాస్పిటల్ నుంచి ఫోన్. మత్తుమందుల గది కీలు పోయాయి, వెంటనే కోర్ మార్చాలి.

రేపొస్తానని చెప్పబోయాను. చాచీ నా భుజం మీద చెయ్యి వేసింది.

"పో బిడ్డా. ఆయన ఉంటే నిన్ను గీడ కూసోనిస్తుండెనా?"

బస్సులో ఏడ్చాను. తలుపు ముందు ఏడవలేదు. పాత కోర్ లాగాను, స్పేర్ కోర్ పెట్టాను.

మేనేజర్ వచ్చి "ఉస్తాద్ రాలేదా అమ్మా?" అని అడిగాడు.

"ఇకనుంచి నేనే వస్తాను సార్" అన్నాను.

ఆయనకు అర్థమైంది. తల వంచి దండం పెట్టాడు.

చాచా, రెండు కీలూ తిప్పి చూసిన. రెండూ పనిచేస్తున్నయ్. తర్వాతే చెయ్యి కడుక్కున్న.

రేపు నువ్వు ఫోన్ చెయ్యకున్నా ఎనిమిదింటికి షటర్ లేపుతా. నువ్వు నిమ్మళంగా పండుకో.