ఎవరూ ముట్టని మీట

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఏన్కూరు పక్కన అడివి అంచు ఊరు మాది. తెల్లారకముందే తునికాకుకు పోయేదాన్ని. ఎలుగుబంటి ఎదురైంది, పాము ఎదురైంది, దయ్యం మాత్రం ఒక్కనాడు ఎదురు కాలే. ఎవరికన్న గాలి సోకిందంటే ముందు ఇంత అన్నం పెట్టి పండుకోబెట్టున్రి అనేదాన్ని. నడీడు దాటినంక రాత్రి బడిల అక్షరాలు నేర్సుకున్న. అందుకే ఇది నేనే రాస్తున్న. తప్పులుంటే ఉంటయ్, అబద్ధం మాత్రం లేదు.

లచ్చక్క నాకు తోడికోడలు, మా బావగారి భార్య. ఇద్దరం ఒక్క మడిల నాట్లేసుకుంటనే ముసలోళ్ళమైనం. నాటేసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమె. పర్ణశాలల సీతమ్మ ఎట్ల బతికిందో చెప్పే పాట అది.

మా దగ్గర ఒక పద్ధతి ఉన్నది. పాట ఎత్తుకున్న మనిషి చరణంల చివరి మాట తను అనదు. అక్కడికొచ్చేసరికి గొంతు దించుతది. ఆ మాట రెండో మనిషి అందుకుంటది. పాట అందిచ్చుడు అంటం దీన్ని. వంగి పనిచేసేటోళ్ళకు ఊపిరి కావాలె గదా, అందుకు. రెండో మనిషికి దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా ముందామె గొంతు దించదు, ఆ మాట కూడ తనే మోస్తది. లచ్చక్క నా దిక్కు తిరిగి చూడకుండనే నా ఊపిరి కనిపెట్టేది.

తొంభైల చివర్ల, పర్ణశాల గుడి కాడ పూసలు, కేసెట్లు అమ్ముకునేటాయన మా పాట విని కేసెట్ చేయిద్దామన్నడు. ఖమ్మంల ఒక మేడ మీద కిరాయి గదిల సుధాకర్ అని ఒకాయన కంప్యూటర్ తోటి పాటలు రికార్డ్ చేసేటోడు. పోయేనాటికి నా కాలు బెణికి నేను లేవలేకపోయిన. లచ్చక్క ఒక్కతే పోయింది. "పెద్దమ్మా, మొదటి నుంచి ఆఖరిదాక ఆపకుండ పాడు, చిన్నమ్మ గొంతు తర్వాత కలుపుకుంట" అన్నడట సుధాకర్. మా పద్ధతి ఆయనకు తెల్వదు. ఈమె చెప్పినట్టే చేసింది. నా మాటలు కూడ గట్టిగ తనే పాడి వచ్చింది.

ఇంటికొచ్చి ముఖం ముడుచుకొని కూసున్నది.

"అంత నేనే పాడిన. నీకు ఒక్క మాట అందియ్యలే."

"మంచిగైంది, నా నోటికి పని తప్పింది" అన్న.

"ఇకిలించకు. మల్ల పోయి సక్కగ పాడొస్త."

పోలేదు. వానల్ల జ్వరమొచ్చింది. భద్రాచలం దవాఖానాకు తీసుకపోయినం. తిరిగి రాలే.

కొన్నాళ్ళకు నేను తల్లాడ మీదికెళ్ళి ఖమ్మం బస్సెక్కిన. సుధాకర్ నా చెవులకు డిప్పలు పెట్టిండు. లచ్చక్క గొంతు పక్కనే ఉన్నట్టు వినపడ్డది. నేను ఎప్పటిలెక్కనే చివరి మాటలు అందుకున్న. మూడో చరణంల దగ్గొచ్చి ఆ మాట అననే లేకపోయిన.

ఆయన పాటంత పెట్టి వినిపిచ్చిండు. చివరి మాట వచ్చినప్పుడల్ల రెండు గొంతులు ఒక్క సందుల దూరిన రెండు గొడ్ల లెక్క గుద్దుకుంటున్నయ్.

"దీనికి ఉపాయం ఉన్నది చిన్నమ్మా" అని వేరే పాట ఒకటి తీసి చూపిచ్చిండు. టీవీ లాంటి దాని మీద ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క మీట, అది దిగితే ఆ గొంతు తగ్గుతది. పాట నడుస్తుంటే మీటలు వాటంతటవే ఎక్కుతున్నయ్, దిగుతున్నయ్. నేను కుర్చీల నుంచి లేచిన.

"ఎవడు తిప్పుతున్నడయ్యా వీటిని?"

ఆయన పడి పడి నవ్విండు. ముందే గీత గీసి పెట్టిండట. గీత ఎక్కితే మీట ఎక్కుతది, గీత దిగితే మీట దిగుతది. ఒక బటన్ నొక్కితే కంప్యూటర్ ఆ కదలికలను రాసుకుంటది, ఇంకో బటన్ నొక్కితే రాసుకున్నది చదివి మీటలు కదుపుతది. నాకు తల నెరిసినంక వచ్చిన సదువు దీనికెవరు నేర్పిన్రు అన్న. ఊయల ఊగినట్టు గొంతును ఎక్కిచ్చుకుంట దించుకుంట పోయే ఇంకో ఉపాయం కూడ చూపిచ్చిండు. అది ఎప్పుడైనా ఒక్క తీరుగనే ఊగుతది.

"లచ్చమ్మ గొంతుకు కూడ చివరి మాట కాడ గీత దించుత" అన్నడు.

నేను ఒప్పుకోలే. "చచ్చిపోయిన మనిషి గొంతు తగ్గియ్యనీకి నువ్వెవరివి? ఆమె ఇయ్యాలె, నేను తీసుకోవాలె. నువ్వు గుంజి ఇస్తే నాకొద్దు."

"గిట్లనే వదిలేస్తే విన్నోళ్ళు నవ్వుతరు చిన్నమ్మా."

"నవ్వనీ."

అనుడైతే అన్న గాని మనసొప్పలే. ఆమె గొంతు ఇగ లోకంల ఉన్నది అదొక్కటే. అది గిట్ల ఖరాబై ఉండిపోతదా అనుకున్న. ఆయన సరేనని కేసెట్‌కు ఎక్కిచ్చే ముందు ఇంకొక్కసారి పెట్టిండు.

పగటి అన్నం తిన్నంక. కిటికీల నుంచి ఎండ నేల మీద పడ్డది. మొదటి చరణం చివరికొచ్చింది. లచ్చక్క మీట దిగింది. దభీమని కాదు, ఆమె గొంతు దించే తీరుగనే మెల్లగ దిగింది. నా గొంతు ఒక్కటే వినపడ్డది.

నేను ఆయన చేతులు చూసిన. చాయ గ్లాసు పట్టుకొని ఉన్నడు. ఆయన నా చేతులు చూసిండు. ఒళ్ళె పెట్టుకొని ఉన్న.

రెండో చరణంల గూడ గట్లనే. మూడో చరణం, నాకు దగ్గొచ్చినది, అక్కడ మీట దిగలే. ఆ మాట మొత్తం లచ్చక్కే అన్నది. నాలుగోదాంట్ల మల్ల దిగింది.

సుధాకర్ పాట ఆపి లచ్చక్క గొంతు గీత చూసిండు. స్కేలు పెట్టి గీసినట్టు సాపుగ ఉన్నది. రాసే బటన్ బంద్ ఉన్నది, చదివే బటన్ బంద్ ఉన్నది. ఊయల ఉపాయం ఆ గొంతుకు పెట్టనే లేదు. పెట్టినా కుదరదు, మా చరణాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మౌస్ తీగ పీకి పక్కన పెట్టి మల్ల వినిపిచ్చిండు. అక్కడక్కడనే దిగింది. మిషన్ పాడైందని, గీత గియ్యని వేరే పాటలు పెట్టి చూసిండు. వాటిల ఒక్క మీట కదల్లే.

నాకు భయం కాలే. ఏడుపు గూడ రాలే. మడిల ఆమె వెనుక నిలబడ్డట్టే ఉన్నది.

అది గట్లనే కేసెట్‌కు ఎక్కింది. పర్ణశాలల అమ్ముడుపోయింది. మా ఊరి ఆడోళ్ళు విని, లచ్చక్క మంచిగ అందిచ్చిందే అన్నరు. నేను అవ్ అన్న.

ఒకటే నాకు తెగదు. ఆమె పాడినప్పుడు నేను అక్కడ లేను. నేను దగ్గేనాటికి ఆమె లేదు. ఏ చరణంల నాకు ఊపిరి చాలదో ఆ గొంతుకు ఎట్ల తెలుసు?

శానా ఏండ్లకు సుధాకర్ తల్లాడ బస్టాండుల కలిసిండు. పాటల పని ఇడిసిపెట్టి ఎరువుల దుకాణం పెట్టుకున్నడు. చాయ తాపిచ్చి మెల్లగ అడిగిండు.

"చిన్నమ్మా, ఆ రోజు నువ్వేమన్న ముట్టుకున్నవా?"

"నేను ఇన్నేండ్ల నుంచి నువ్వే ముట్టుకున్నవనుకుంటున్న."

"నా చేతుల చాయ గ్లాసుండె గదా."

"ఉండె, చూసిన."

ఎట్లైందో నాకు ఇప్పటికీ తెల్వదు. మంచిగైంది, అది మాత్రం తెలుసు.